కీమో తర్వాత వాంతులు రాకుండా: మాత్రలు, వేళలు, తిండి

క్యాన్సర్‌కి కీమో మందు ఎక్కించుకుని ఇంటికెళ్లినవాళ్ల నుంచి మాకు ఎక్కువగా ఫోన్లు వచ్చేది మూడో రోజున. "మొన్న, నిన్న బాగానే ఉంది సిస్టర్. ఇవాళ పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు కూడా ఇమడట్లేదు" అంటారు. నిన్నటి మాత్రలు వేసుకున్నారా అని అడుగుతాను. "బాగానే ఉంది కదా, ఇన్ని మందుల మీద మళ్లీ అవి కూడా ఎందుకని వేసుకోలేదు" అన్నదే చాలాసార్లు వచ్చే జవాబు.

నేను కీమో డే కేర్ వార్డులో నర్సుని. సెలైన్ ఎక్కుతుండగా మంచం పక్కన నిలబడి కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటుకీ, వాళ్లతో వచ్చిన మనిషికీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మోతాదులు మీ డాక్టరు రాసినవే పాటించండి. ఇక్కడ నేను అంకెలు చెప్పినచోట, అవి మీ చీటీ మీకు అర్థం కావడానికే.

మొదట ఒక నమ్మకం గురించి. "కీమో అంటే వాంతులు తప్పవు, ఓర్చుకోవాలి" అనే మాట ఇంకా చాలామంది నోట వింటున్నాను. అది పాత రోజుల మాట. ఆన్‌డాన్‌సెట్రాన్ 1991లో, అప్రెపిటాంట్ 2003లో వచ్చాయి. ఇవాళ సరైన మందులు సరైన వేళకు పడితే చాలామందికి ఒక్క వాంతి కూడా అవదు. అందుకే ఎవరైనా పళ్లబిగువున ఓర్చుకుని, మాకు చెప్పకుండా ఊరుకున్నారని తెలిస్తే నాకు బాధేస్తుంది. ఓర్చుకుంటే కీమో బాగా పనిచేస్తుందన్నది నిజం కాదు. వాంతులు కాకపోతే మందు పట్టలేదన్నదీ నిజం కాదు.

మూడో రోజే ఎందుకు?

కీమో మందు ఒంట్లోకి వెళ్లాక పేగు గోడలో ఉండే కొన్ని కణాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. వేగస్ నాడి ఆ కబురును మెదడులోని వాంతి కేంద్రానికి చేరవేస్తుంది. మొదటి 24 గంటల్లో వచ్చే వాంతులకు ముఖ్య కారణం ఇదే. ఆ తర్వాత మెదడులోనే సబ్‌స్టెన్స్ పి అనే మరో పదార్థం పని మొదలుపెడుతుంది. దీని ఉధృతి రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా ఉండొచ్చు. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవాళ్లకైతే 48 నుంచి 72 గంటల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది.

కీమోకి ముందు మేం ఇచ్చే ఇంజెక్షన్ల బలంతో మొదటి రోజు సాఫీగా గడుస్తుంది. ఆ బలం తగ్గేసరికి రెండో దారి తెరుచుకుంటుంది. ఇంటికి రాసిచ్చే మాత్రలు ఆ రెండో దారిని మూసేందుకే. ఒంట్లో బాగున్నప్పుడే వాటిని వేసుకోవాలి. వికారం ముదిరాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవడమే కష్టం.

మీ కీమో మందు ఏ రకం?

వాంతులు తెప్పించే శక్తి అన్ని కీమో మందులకూ ఒకేలా ఉండదు. వాంతుల మందు వాడకపోతే ఎంతమందికి వాంతులవుతాయన్న లెక్కన వాటిని నాలుగు గుంపులు చేశారు. 90 శాతం పైబడి అయితే ఎక్కువ, 30 నుంచి 90 అయితే మధ్యస్థం, 10 నుంచి 30 అయితే తక్కువ, 10 లోపు అయితే అతి తక్కువ. సిస్‌ప్లాటిన్, డోక్సోరుబిసిన్‌తో కలిపి ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్, డకార్బజైన్ మొదటి గుంపులోవి. ఆక్సాలిప్లాటిన్, ఇరినోటెకాన్ మధ్యస్థం. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, జెమ్‌సిటబిన్ తక్కువ. విన్‌క్రిస్టిన్, బ్లియోమైసిన్ అతి తక్కువ.

పక్క మంచం మీద ఉన్నాయనకు నాలుగు రకాల వాంతుల మందులు ఇచ్చి మీకు ఒకటే ఇస్తే అందులో వివక్ష ఏమీ లేదు, మీ కీమో మందు వేరు. అయినా మొదటి రోజే "మాది ఏ గుంపు డాక్టరుగారూ?" అని అడగండి. అడగడం మీ హక్కు.

మందు సంగతి అలా ఉంటే, మనిషిని బట్టి కూడా తేడా ఉంటుంది. ఆడవాళ్లకు, యాభై ఏళ్ల లోపువాళ్లకు, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్లకు, గర్భంతో ఉన్నప్పుడు వేవిళ్లతో బాగా ఇబ్బంది పడినవాళ్లకు, కిందటి సైకిల్లో, అంటే కిందటి విడత కీమోలో, వాంతులైనవాళ్లకు, బాగా ఆందోళన పడేవాళ్లకు ముప్పు ఎక్కువ. మద్యం అలవాటు అసలు లేనివాళ్లకూ ఎక్కువే. వీటిలో మీకు వర్తించేవి ఏమైనా ఉంటే కీమో మొదలయ్యేలోపే చెప్పండి. వేవిళ్ల సంగతి పాతికేళ్ల నాటిదైనా సరే, ఇప్పుడెందుకులే అనుకోకండి.

చీటీలో ఉండే మందులు

వాంతులు ఎక్కువగా తెప్పించే కీమోకి సాధారణంగా నాలుగు రకాలు కలిపి ఇస్తారు. సెరటోనిన్‌ను అడ్డుకునేవి మొదటి రకం: ఆన్‌డాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్. సబ్‌స్టెన్స్ పి ని అడ్డుకునేవి రెండో రకం: అప్రెపిటాంట్, ఫోసాప్రెపిటాంట్. మూడోది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. నాలుగోది ఓలాంజపిన్.

అప్రెపిటాంట్ కాప్సూల్స్ చాలావరకు మూడింటి ప్యాకెట్‌గా వస్తాయి. కీమో రోజున 125 మిల్లీగ్రాములది, తర్వాతి రెండు రోజులూ 80 మిల్లీగ్రాములవి. పెద్దది ముందు, చిన్నవి తర్వాత. ఒక్కోసారి మొదటిది మింగించే పంపిస్తాం, మిగతా రెండూ ఇంట్లో పెట్టెలోనే ఉండిపోతాయి. ఫోసాప్రెపిటాంట్ ఇంజెక్షన్‌గా తీసుకున్నవాళ్లకు ఈ కాప్సూల్స్ ఉండకపోవచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు అప్రెపిటాంట్ గురించి డాక్టరుకు గుర్తు చేయాలి, దీనివల్ల వార్ఫరిన్ ప్రభావం తగ్గుతుంది. గర్భనిరోధక మాత్రల ప్రభావం కూడా తగ్గుతుంది.

డెక్సామెథసోన్ పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోండి. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా కళ్లు మూతపడవు. ఖాళీ కడుపున వేసుకుంటే మంట పుడుతుంది. కొందరికి వెక్కిళ్లు వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఆ రెండు మూడు రోజులూ షుగర్ బాగా పెరుగుతుంది. మాత్ర మానేయకండి, షుగర్ చూసుకుంటూ ఆ అంకెలు డాక్టరుకు చెప్పండి.

ఓలాంజపిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంటి దగ్గర ఎవరో చదువుకున్న పిల్లలు దాని పేరు ఫోన్లో వెతుకుతారు. మానసిక జబ్బుల మందు అని కనిపిస్తుంది. "మా అమ్మకు పిచ్చి మందు ఎందుకు రాశారు?" అని కోపంగా ఫోన్ చేస్తారు, లేదా చెప్పకుండా పక్కన పడేస్తారు. ఆ మందు మొదట వచ్చింది ఆ జబ్బులకే, నిజమే. కానీ వికారం పుట్టించే పలు దారులను ఒకేసారి అడ్డుకుంటుంది కాబట్టి కీమోలో కూడా వాడుతున్నారు. వాంతులు ఆగినా వదలని వికారాన్ని తగ్గించడంలో దానికి మంచి పేరుంది. మత్తు దాని ఇబ్బంది. అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోమంటాం. 10 మిల్లీగ్రాముల బదులు 2.5 ఇచ్చినా పని తగ్గలేదనీ, పగటి మత్తు బాగా తగ్గిందనీ 2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన భారతీయ అధ్యయనం చూపింది. కాబట్టి మత్తు ఎక్కువగా ఉంటే మాత్ర ఆపేయకుండా మోతాదు తగ్గించవచ్చేమో డాక్టరును అడగండి. పెద్దవయసువాళ్లు రాత్రి బాత్రూంకి ఒంటరిగా లేవకుండా ఎవరో ఒకరు పక్కన పడుకోవాలి. ఓలాంజపిన్ వాడుతున్నప్పుడు మెటోక్లోప్రమైడ్ అనే ఇంకో వాంతుల మందును సొంతంగా కలిపి వేయకండి.

ఆన్‌డాన్‌సెట్రాన్ రకం మందులతో మలబద్ధకం, తలనొప్పి వస్తాయి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మూడు రోజులు మోషన్ కాకపోతే ఆ బిగింపుకే కడుపులో తిప్పుతుంది. అది కీమో వికారం అనుకుని ఇంకో ఆన్‌డాన్‌సెట్రాన్ వేస్తారు, ఇంకా బిగుస్తుంది. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే కావాలేమో అడిగి రాయించుకోండి.

ఇవి కాక "అవసరమైతే" అని ఒక మాత్ర రాస్తారు. రోజువారీ మాత్రలు వేసుకున్నా వికారం వస్తే వాడేది అది. మామూలుగా అది వేరే రకం మందు అయి ఉండాలి. మీ చీటీలో ఏది రోజూ వేసుకునేదో, ఏది అవసరమైతే వేసుకునేదో డే కేర్ నుంచి కదిలేలోపు పెన్నుతో గీత గీయించుకోండి. నేనైతే పేషెంటుతో వచ్చినవాళ్ల ఫోన్లో అక్కడికక్కడే అలారాలు పెట్టిస్తాను. పేషెంటు ఫోన్లో కాదు, నిద్రమత్తులో వాళ్లు నొక్కి ఆపేస్తారు.

మాత్ర వేసుకోగానే వాంతి అయితే ఎంతసేపటికి అయింది, వాంతిలో మాత్ర కనిపించిందా అన్నది చూసి ఫోన్ చేయండి. మింగలేని స్థితిలో ఉంటే నాలుక మీద కరిగే ఆన్‌డాన్‌సెట్రాన్ ఉంటుంది. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: వాంతిలో పోయింది వాంతుల మాత్ర కాకుండా కీమో మాత్రే అయితే, అడగకుండా ఇంకోటి మింగించకండి.

తిండి, నీళ్లు

కీమో రోజున ఖాళీ కడుపుతో రావొద్దు. అలాగని నిండా తినీ రావొద్దు. తేలిగ్గా, నూనె లేకుండా కొంచెం తిని రండి. ఇంటికెళ్లాక మూడు పూటల భోజనం అన్న లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టి, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు పెట్టండి. కడుపు పూర్తిగా ఖాళీ అయితే వికారం పెరుగుతుంది. పొద్దున మంచం దిగకముందే పొడిగా ఉన్నదేదైనా, బిస్కెట్టో కాల్చిన రొట్టె ముక్కో, నమిలితే చాలామందికి హాయిగా ఉంటుంది. తిన్నాక గంటసేపు పడుకోకుండా వెనక్కి ఆనుకుని కూర్చోవాలి.

వేడి ఆహారం నుంచి వాసన ఎక్కువగా వస్తుంది. చల్లారాక పెడితే తినగలుగుతారు. పోపు వేసేటప్పుడు పేషెంటును వంటింటికి దూరంగా, గాలి తగిలేచోట ఉంచండి. మూత కూడా వాళ్ల ముఖం ముందు తీయొద్దు, పక్క గదిలో తీసి ఆవిరి పోయాక తీసుకెళ్లండి. అయితే ఆక్సాలిప్లాటిన్ తీసుకుంటున్నవాళ్లకు చల్లనివి పెట్టకూడదు. చలవ తగిలితే వాళ్లకు గొంతు పట్టేసినట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు అవుతుంది. వాళ్లకు గది వేడిలో ఉన్నవే ఇవ్వాలి. వికారానికి ఐసు ముక్కలు చప్పరించమని ఎక్కడో చదివి వీళ్లకు పెట్టేవాళ్లున్నారు కాబట్టి విడిగా చెబుతున్నాను.

వాళ్లకు బాగా ఇష్టమైన వంటకాన్ని ఆ రెండు మూడు రోజులు వండకండి. ప్రేమతో చేస్తారని తెలుసు. కానీ వాంతికి ముందు తిన్న రుచిని మనసు వాంతికి ముడిపెట్టేసుకుంటుంది. 1978లో ఒక అధ్యయనంలో కీమోకి ముందు పిల్లలకు కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టారు, ఆ తర్వాత చాలామంది పిల్లలు ఆ రుచినే వద్దన్నారు. ఇష్టమైనది ఒంట్లో తేరుకున్నాక చేసిపెట్టండి.

నీళ్లు గ్లాసెత్తి గటగటా తాగొద్దు. ఐదు పది నిమిషాలకోసారి రెండు గుటకలు. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ మందు మూత్రపిండాల మీద భారం వేస్తుంది, వాంతులతో ఒంట్లో నీరు తగ్గితే అవి దెబ్బతింటాయి. మూత్రం రంగు చూస్తూ ఉండండి, లేత రంగులో ఉంటే సరే. వాంతులు అవుతుంటే ఉత్త నీళ్లకంటే ఓఆర్‌ఎస్ మేలు.

నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉందంటారు. తినే ముందూ తర్వాతా మామూలు నీళ్లతో పుక్కిలించి, స్టీలు చెంచా మాని ప్లాస్టిక్ చెంచా వాడి చూడండి.

అల్లం గురించి అందరూ అడుగుతారు. అధ్యయనాలు కొన్ని మేలన్నాయి, కొన్ని తేడా ఏమీ లేదన్నాయి. వంటలో వేసుకునే అల్లంతో ఇబ్బంది లేదు. కాప్సూల్స్, పొడులు మాత్రం డాక్టరుకు చెప్పకుండా వద్దు, ముఖ్యంగా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు, రక్తం పలచబడే మందులు వాడుతున్నప్పుడు.

మణికట్టు దగ్గర నొక్కే పద్ధతి ఖర్చు లేనిది, హాని లేనిది. అరచేతిని మీ వైపు తిప్పుకోండి. మణికట్టు ముడత కింద రెండో చేతి మూడు వేళ్లు అడ్డంగా ఆనించండి. మూడో వేలు ఆగినచోట, మధ్యలో రెండు నరాల తాళ్లలా తగిలేవాటి నడుమ బొటనవేలితో గట్టిగా, నొప్పి పుట్టకుండా రెండు మూడు నిమిషాలు నొక్కండి. కొందరికి ఉపశమనంగా ఉంటుంది. మాత్రలకు తోడుగానే, వాటి బదులుగా కాదు. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టి ఉంచే సన్న గొట్టం) ఉన్న చేతికి, వాపు ఉన్న చేతికి చేయొద్దు.

ఆసుపత్రి గుమ్మం దగ్గరే వికారం

మా దగ్గరికొచ్చే ఒకావిడకు లిఫ్టు తలుపు తెరుచుకుని శానిటైజర్ వాసన తగలగానే ఓకరింతలు మొదలయ్యేవి. ఇంకా సూది కూడా పెట్టేవాళ్లం కాదు. డోక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు చూసి తల తిప్పేసుకునేది. "నటన కాదు సిస్టరమ్మా, నిజంగానే వస్తోంది" అని నా చెయ్యి పట్టుకుంది. నటన కాదు, నిజమే. ముందు సైకిళ్లలో వాంతులైన మనిషి మెదడు ఆ వాసనకూ, ఆ రంగుకూ, ఆ గదికీ వాంతిని జతచేసేస్తుంది. ఒకసారి ఇలా కుదురుకుంటే మామూలు వాంతుల మందులు దీని మీద పెద్దగా పనిచేయవు. మొదటి సైకిల్లోనే వాంతులు రాకుండా గట్టిగా చూడాలని నేను ఇంతగా చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఆవిడకు డాక్టరుగారు కీమో ముందు రాత్రి, ఆ రోజు పొద్దున లోరాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర రాశారు. మేం కిటికీ పక్కన, మందు స్టాండు కంటికి కనపడని వైపు మంచం ఇచ్చాం. మందు సంచీకి గుడ్డ కప్పాం. కాన్యులాలోకి సెలైన్ తోసినప్పుడు నోట్లో ఒక రుచి తగులుతుంది, అది కూడా చాలామందికి పడదు, అందుకని ముందే పిప్పరమెంటు చప్పరించమన్నాం. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో కండరాన్నీ బిగించి వదిలే సాధన ఇంటి దగ్గర రోజూ చేసింది. వికారం పూర్తిగా పోలేదు గానీ కూర్చుని కీమో పూర్తి చేసుకునేంతగా తగ్గింది. మీకూ ఇలాంటిది మొదలైతే సిగ్గుపడి దాచుకోకండి, తొలిసారే చెప్పండి.

వెంటనే ఫోన్ చేయాల్సినవి

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, తాకితే వాంతులున్నా లేకపోయినా ఆ గంటే ఆసుపత్రికి బయల్దేరండి. తెల్లరక్తకణాలు తగ్గిన సమయంలో జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది, తెల్లారేదాకా ఆగొద్దు. వాంతిలో రక్తం గానీ కాఫీపొడి లాంటి నలుపు గానీ కనబడినా, కడుపు ఉబ్బి మోషన్, గాలి రెండూ ఆగినా, తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా, తలనొప్పితో వాంతులవుతున్నా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా అంతే. ఇవి కీమో వాంతులు కాకపోవచ్చు. పేగు మూసుకుపోవడం, రక్తంలో కాల్షియం పెరగడం, మెదడులో వాపు లాంటివీ వాంతులతోనే బయటపడతాయి. రోజంతా నీళ్లు నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా సెలైన్ పెట్టాల్సి రావొచ్చు, ఫోన్ చేయండి. రాత్రి రెండింటికి చేసినా ఎవరూ విసుక్కోకూడదు.

తర్వాతి సైకిల్‌కి వచ్చేటప్పుడు

"వాంతులయ్యాయా?" అని డాక్టరు అడిగితే "లేదండీ" అంటారు. నిజమే, వాంతి అవలేదు. కానీ నాలుగు రోజులు కడుపులో తిప్పుతూ, డోకు వస్తూ, ముద్ద గొంతు దిగక మూడు కిలోలు తగ్గి ఉంటారు. వాంతులను అరికట్టినంత సులువుగా ఈ మందులు వికారాన్ని అరికట్టలేవు. వాంతి పక్కవాళ్లకు కనిపిస్తుంది, వికారం మీరు చెబితేనే తెలుస్తుంది. ఒక చిన్న నోటుబుక్కులో ఐదు రోజులూ పొద్దున, సాయంత్రం వికారానికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయండి. ఎన్ని వాంతులు, ఏ వేళకు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఏది వేసుకోలేదు, మోషన్ అయిందా అన్నవి కూడా రాయండి. మాత్ర వేసుకోకపోతే వేసుకోలేదని రాయండి, ఎవరూ తిట్టరు. వేసుకున్నా వాంతులయ్యాయని అనుకుంటే అనవసరంగా మందులు పెంచుతారు.

ఆ పేజీ చూస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది. మొదటి రోజే ఇబ్బంది ఉంటే ముందిచ్చే ఇంజెక్షన్ మారుస్తారు. ఆన్‌డాన్‌సెట్రాన్ బదులు ఎక్కువసేపు పనిచేసే పాలోనోసెట్రాన్ ఇవ్వొచ్చు. మూడో రోజు ఇబ్బంది అయితే ఓలాంజపిన్ గానీ అప్రెపిటాంట్ గానీ చేరుస్తారు. మాత్రలు మింగలేనివాళ్లకు చర్మం మీద అంటించే గ్రానిసెట్రాన్ పట్టీ ఉంది, దాన్ని కీమోకి ఒకటి రెండు రోజుల ముందే అంటించుకోవాలి కాబట్టి ఆ సంగతి కీమో పొద్దున కాకుండా రక్తపరీక్షలకు వచ్చిన రోజే మాట్లాడుకోండి. నోటుబుక్కు కూడా ఆ రోజే తెచ్చుకోండి.